నర్సమ్మ అడిగే రెండో ప్రశ్న

ఈ ఉదయం లేచేసరికి ఇల్లంతా వాము వాసన. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి కడుపునొప్పి. వాళ్ళమ్మ వాము దోరగా వేయించి, నీళ్ళు పోసి మరిగిస్తోంది. ఉప్పల్‌లో మాది చిన్న ఫ్లాట్, వంటింట్లో పొయ్యి మీద ఏం పెట్టినా ముందుగదికి తెలిసిపోతుంది. బూట్లు వేసుకుంటున్న నేను ఒక లేసు కట్టి, రెండోది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. నాకు ఆ వాసన వంటింటిది కాదు. పదిహేనేళ్ళ కిందట నాచారంలో నేను పనిచేసిన ఒక బడిది. ఆ బడిలో మెట్ల కింద కిటికీ లేని గది ఒకటుండేది. అందులో ఒక మంచం, ఒక స్టూలు, ఒక కరెంటు పొయ్యి, మందుల అలమర. తలుపు మీద ‘సిక్ రూమ్’ అని రాసి ఉన్నా పిల్లలు అలా పిలిచేవాళ్ళు కాదు. ‘నర్సమ్మ గది’ అనేవాళ్ళు.

ఆమె పేరు నిజంగానే నర్సమ్మ. తల్లిదండ్రులు పెట్టిన పేరుకి తగ్గట్టే ఉద్యోగమూ దొరికింది. కొత్తగా చేరిన పిల్లలు “మీ అసలు పేరేంటి?” అని అడిగితే “అసలుది గిదే బిడ్డా, నకిలీది లేదు” అనేది. వాళ్ళది పాత నాచారం. ఫ్యాక్టరీలు రాకముందు వాళ్ళ నాన్నకి మిరపతోట ఉండేదట. ఆ చోట ఇప్పుడు మందుల కంపెనీ గోడ ఉంది. “మా చేన్ల మిర్పకాయలు పండుతుండె, ఇప్పుడు గోలీలు పండుతున్నయ్” అనేది, నవ్వకుండా. సర్కారు దవాఖానాలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది, అందులో ఎక్కువ కాలం ఎముకల వార్డులో. తన మోకాళ్ళు అరిగాక అక్కడ మానేసి, ఇంటికి దగ్గరని ఈ బడిలో చేరింది. నేను వచ్చేనాటికి ఆమెకు యాభై అయిదు దాటి ఉంటాయి. నాకు ఇరవై నాలుగు.

నేను తెనాలి పక్క పల్లె నుంచి వచ్చి, రామంతాపూర్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. షేర్ ఆటోలో ఉప్పల్, అక్కడ దిగి ఇంకో ఆటోలో నాచారం. ఆటల మాస్టారు ఉద్యోగం. మా ఊళ్ళో నాకు కబడ్డీ నేర్పినాయన నేర్పిన మొదటి పాఠం, గీత దాటి లోపలికి వచ్చాక నొప్పి మాట ఎత్తకూడదని. ఒకసారి ఆటలో నా చిటికెన వేలు విరిగింది. ఆట అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ కథ ప్రతి ఏడాదీ ప్రతి తరగతికీ చెప్పేవాణ్ణి. వంకరగా అతుక్కున్న వేలు చూపించేవాణ్ణి. అబ్బాయిలు కళ్ళు పెద్దవి చేసుకుని వినేవాళ్ళు. అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. వాళ్ళకి ఆ కథతో పని లేదనుకునేవాణ్ణి నేను.

అమ్మాయిల సంగతి వచ్చేసరికి నాకు వేరే లెక్క ఉండేది. వాళ్ళ నొప్పులు పీటీ పీరియడ్ కోసమే పుట్టినవని నా నమ్మకం. తొమ్మిదో తరగతిలో శ్రావంతి అనే పిల్ల ఉండేది. నెలకోసారి వచ్చి, “సార్, కడుపులో నొప్పి, కూర్చుంటాను” అనేది. రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి అందరి ముందే, “నీ కడుపుకి టైంటేబుల్ బాగా తెలుసే!” అన్నాను. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల వెళ్ళి వరసలో నిలబడి పరుగెత్తింది. రెండో చుట్టులో గోడ పక్కకి పోయి వాంతి చేసుకుని, అక్కడే కూలబడిపోయింది.

నర్సమ్మ వచ్చి పిల్లని లేపి తీసుకెళ్ళింది. అరగంట తర్వాత నాకు కబురు పెట్టింది. వెళ్ళేసరికి గదిలో వాము నీళ్ళు మరుగుతున్నాయి. శ్రావంతి గోడవైపు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది.

“సారూ, గా పిల్ల చెయ్యి పట్టి సూడు” అంది.

పట్టుకున్నాను. మంచులా ఉంది, చెమట కూడా.

“నోటితోటి అబద్ధం చెప్తరు, ఒప్పుకుంట. చేతులకు చెమట వట్టిచ్చుడు ఎవ్వలకన్న వస్తదా?” అంది. అంతే. మళ్ళీ గిన్నె వైపు తిరిగింది. నేను వచ్చేశాను. తప్పు చేశానని అప్పుడే అనిపించిందని చెబితే అది అబద్ధం. ఇబ్బందిగా మాత్రం అనిపించింది.

ఆ తర్వాత కొద్ది రోజులకి పెద్ద వాన పడి మైదానమంతా బురదయింది. ఆటలు లేవు. స్టాఫ్ రూములో కూర్చోబుద్ధి కాక మెట్ల కింద గదికి వెళ్ళాను. నర్సమ్మ నా చేతిలో ఒక పొడుగాటి రిజిస్టర్ పెట్టి, “ఊకె కూసునుడెందుకు, గిది సదువు” అంది. పేరు, తరగతి, ఏమైంది, ఏమిచ్చారు, అంతే అందులో ఉన్నది. చిన్న తరగతుల పేజీలు తిప్పాను. అబ్బాయిలూ అమ్మాయిలూ ఇంచుమించు సమానంగా ఉన్నారు. మోకాలు గీరుకుంది, చెవి నొప్పి, పన్ను కదులుతోంది, కడుపు నొప్పి. ఒకటో తరగతిలో అయితే కడుపు నొప్పులు లెక్కలేనన్ని. అదేమిటని అడిగాను.

“గంత చిన్నోళ్ళకు నొప్పి యాడున్నా కడుపే సూపిస్తరు. గొంతు నొచ్చినా కడుపే, అమ్మ యాదికొచ్చినా కడుపే. మనమే ఎతుక్కోవాలె” అంది.

ఆరు, ఏడు తరగతులకి వచ్చేసరికి అబ్బాయిల పేర్లు పలచబడ్డాయి. ఎనిమిదిలో ఎక్కడో ఒకటి. తొమ్మిది, పది తరగతుల్లో వెతికినా దొరకలేదు. అమ్మాయిల పేర్లు మాత్రం పేజీకి పేజీ పెరుగుతూ పోయాయి. అన్నింటి ఎదురుగా ఒకటే మాట, తలనొప్పి.

“తొమ్మిదిలకు రాంగనే మొగపోరగాండ్లకు నొప్పులు బంద్ అయితయా సారూ?” అని అడిగింది నర్సమ్మ.

నేను ఇంకో పేజీ తిప్పాను.

“మరి అమ్మాయిలందరికీ తలనొప్పేనా?” అన్నాను, మాట మార్చడానికి.

“గవన్ని తలనొప్పులు కావు. గీ బుక్కు సార్లు గూడ సూస్తరు. ముట్టు నొప్పి అని రాస్తే రేపటి సంది ఒక్క పిల్ల నా దగ్గరికి రాదు.”

“అబ్బాయిలు అసలు రారా మీ దగ్గరికి?”

“ఎందుకు రారు? నీళ్ళు తాగనీకె వస్తరు. బయట కుండ ఉండంగ ఈడిదాక నీళ్ళకొస్తరు. తాగి, అటిటు సూసి పోతరు. ఒక్కొక్కడు మూడు దినాలు తిరిగితే నాలుగో దినం నోరు తెరుస్తడు. గవి బుక్కుల రాయ.” రిజిస్టర్ నా చేతిలోంచి తీసుకుంటూ అంది. “ఆడపిల్ల చెప్తది, ఎవ్వలు నమ్మరు. మొగపిలగాడు చెప్పడు, ఎవ్వలు అడుగరు. రెండు తీర్ల గూడ మన దగ్గరికొచ్చేసరికి ఆలస్యమే.”

ఆ మాట విని తలూపాను. తలూపడం తేలిక. అప్పటికి మూడు వారాలుగా సాయికిరణ్ నా కళ్ళ ముందే కాలు ఈడుస్తున్నాడు.

సాయికిరణ్‌ది ఎనిమిదో తరగతి, పదమూడేళ్ళు. వయసుకి మించిన ఒళ్ళు. వాళ్ళ నాన్న నాచారంలోనే ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. పరుగులో వాడు ఎప్పుడూ ఆఖరే, అందరూ ఏడిపించేవాళ్ళు. నేనే వాడి చేతికి షాట్‌పుట్ గుండు ఇచ్చాను. మొదటి వారంలోనే పదో తరగతి వాళ్ళకన్నా దూరం విసిరాడు. అంతకుముందు బడిలో వాడికి ఎవరూ అలా చప్పట్లు కొట్టి ఉండరు. డిసెంబరులో బడుల మధ్య పోటీలు. ఆ ఏడాది మా బడికి ఏదైనా కప్పు వస్తుందంటే అది వీడి చేతి మీదే. యాజమాన్యం ముందు నా పేరు నిలబడేది కూడా దాని మీదే.

ఒకసారి, ఒకే ఒక్కసారి, “సార్, మోకాలు నొస్తుంది” అన్నాడు. నేను స్ప్రే కొట్టి, “మగాడివి కదరా, నా వేలు చూశావుగా?” అన్నాను. “ఆఁ సార్” అని నవ్వాడు. మళ్ళీ ఎత్తలేదు. కుంటడం మాత్రం మానలేదు. బరువు ఎక్కువై అనుకున్నాను. బరువు తగ్గాలని రోజూ రెండు చుట్లు ఎక్కువ పరుగెత్తించాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత పిల్లలు మెట్లు దిగి వస్తున్నారు. నర్సమ్మ తన గది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. నేను పక్కన నిలబడి పోటీల గురించి ఏదో చెబుతున్నాను. ఆమె వినడం లేదు.

“గా పిలగాడెవరు? కుడి పాదం సూడు, బయటికి తిరిగిపోయింది” అంది. ఆ వెంటనే, “ఓ బిడ్డా, గీ డబ్బ మూత వస్తలేదు, జర తీసిస్తవా?” అని వాణ్ణి పిలిచింది.

సాయికిరణ్ వచ్చి డబ్బా అందుకున్నాడు. మూత తీస్తుండగా అడిగింది.

“కాలు నొస్తుందా?”

వాడు నా వైపు చూశాడు. “ఏం లేదమ్మా.”

“సరే. పొద్దుగాల బూట్లు ఎట్ల ఏస్కుంటున్నవ్?”

ఆ ప్రశ్నకి వాడు సిద్ధంగా లేడు. డబ్బా చేతిలో పట్టుకుని, “చెల్లె ఏస్తది” అన్నాడు.

“ఎందుకు? నీకు రాదా?”

“వంగనీకి వస్తలేదు.”

నర్సమ్మ లేచి వాణ్ణి తన స్టూలు మీద కూర్చోబెట్టింది. తర్వాత లోపల మంచం మీద పడుకోబెట్టి మోకాలు మెల్లగా పైకి వంచింది. కాలు తిన్నగా రాలేదు, పక్కకి తిరుగుతూ పైకి లేచింది. వాడి పెదవి తెల్లబడింది గానీ నోట్లోంచి శబ్దం రాలేదు. ఆమె నన్ను బయటికి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి చెప్పింది.

“గిది మోకాలు కాదు సారూ, తుంటి. గీ వయసుల, గీ ఒడ్డు పొడుగు పిల్లలకు తుంటి ఎముక జారుతది. నొప్పేమో మోకాలుకు తెలుస్తది. వార్డుల సూసిన నేను. ఇగ వీడు కాలు కింద పెట్టొద్దు. అయ్యను పిలిపియ్యి, ఇయ్యాలనే దవాఖానకు పోవాలె.”

వాళ్ళ నాన్న నూనె చేతులతోనే వచ్చాడు. “గింత దానికి ఇద్దరు కలిసి పిలిచిన్రా? మొగపిలగాడు, ఆటల్ల దెబ్బలు తలుగుతయ్” అన్నాడు. నా మాటే ఇంకో నోట విన్నట్టయింది. నర్సమ్మ ఆయనతో వాదించలేదు. “అయితే మంచిదే, ఫొటో తీసి ఏం లేదంటే తోల్కొచ్చుకో. నేను గూడ వస్త, నడువు” అంది. కుర్చీలో కూర్చోబెట్టి పిల్లాణ్ణి ఆటో దాకా మోసింది నేనూ వాచ్‌మనూ.

ఎక్స్‌రేలో తుంటి కీలులోని గుండ్రటి ఎముక పక్కకి జారి ఉంది. మరునాడే ఆపరేషన్ చేసి స్క్రూ వెయ్యాలన్నారు. డాక్టరు అడిగాడు, ఎన్నాళ్ళుగా నొప్పి అని. తండ్రి, “మూడు నాలుగు దినాలు సార్” అన్నాడు. నాకు తెలిసి నాలుగు వారాలు. సాయికిరణ్ పైకప్పు చూస్తూ, “దసరా సెలవులకెల్లి” అన్నాడు. అంటే రెండు నెలలు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు మామూలుగానే అన్నాడు. తండ్రి బల్ల మీద చేతులు పెట్టుకుని, నూనె మరకలు కనబడకుండా వేళ్ళు ముడుచుకున్నాడు. నేను నా వంకర వేలు ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఒక కాలు కొంచెం పొట్టిగా ఉండిపోయింది. వాడు మళ్ళీ గుండు విసరలేదు.

నేను రాజీనామా కాగితం రాసుకుని ముందు నర్సమ్మకి చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని పూర్తిగా చదివింది.

“పోయి ఏం జేస్తవ్?”

“ఇంకో బడి చూసుకుంటాను.”

“ఆడ గూడ గదే ఏలు సూపిస్తవ్, గదే కథ చెప్తవ్. గంతకంటె ఈడనే ఉండి నేర్చుకో” అంది. కాగితం మడిచి నాకిచ్చింది. తర్వాత, అడగకుండానే, తన కొడుకు సంగతి చెప్పింది. వాడికి పదహారేళ్ళప్పుడు రెండు రోజులు కడుపు పట్టుకుని ముసుగు తన్ని పడుకున్నాడట. పరీక్షల భయం అనుకుందట. మూడో రోజుకి అపెండిక్స్ పగిలింది. బతికాడు. “నేను నర్సును సారూ. దినాం నూరు మందిని నొప్పి యాడ అని అడిగినదాన్ని. ఇంట్ల నా కొడుకును అడుగలె. పెద్దోడైండు, చెప్తడు లే అనుకున్న. పెద్దోడైండు గన్కనే చెప్పలె.”

ఆ రోజు నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎవరూ పాఠంలా చెప్పలేదు, ఆమె చేస్తుంటే చూశాను. చిన్నపిల్లల్ని అడిగేది కాదు, ఆడుకుంటుంటే చూసేది. ఏ చేతిని వాడటం లేదు, ఏ పక్కకి ఒరగడం లేదు, అని. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్ల తల్లితో వస్తే, తల్లి చెప్పేదంతా విని, “అమ్మా, జర బయట కూసో, ఐదు నిమిషాలు” అనేది. ఆ అయిదు నిమిషాల్లో వేరే సంగతి బయటపడేది. అబ్బాయిల్ని స్నేహితుల ముందు అడిగేది కాదు. చేతికి ఏదో ఒక పని ఇచ్చి, మొహం చూడకుండా అడిగేది. మొదటి ప్రశ్నకి ‘ఏం లేదు’ అని వస్తుందని ఆమెకి తెలుసు. అది దాటిపోవడానికే అడిగేది. రెండోది అసలుది. నిన్నటిదాకా చేసిన పని ఏది ఇవాళ చెయ్యలేకపోతున్నావు? బూటు, బస్సు మెట్టు, సంచీ, నిద్ర, ఏదో ఒకటి. నొప్పి గురించి అబద్ధం చెప్పే పిల్లలు బూటు గురించి చెప్పరు.

శ్రావంతిని పిలిచి క్షమించమని అడిగాను. స్టాఫ్ రూము బయట, తలవంచుకుని నిలబడింది. “పర్లేదు సార్, మీరొక్కరే కాదు కదా” అంది. తిట్టినా అంత తగిలేది కాదు.

ఆ పిల్ల వాళ్ళమ్మ హబ్సిగూడలో ఒక హాస్టల్లో వంట చేసేది. నర్సమ్మ రెండుసార్లు కబురు పెడితే ఒకసారి వచ్చింది. నేను గుమ్మం బయట ఉన్నాను.

“ఆడపుట్టుక పుట్టినంక గీ నొప్పి తప్పుతదా సిస్టరమ్మా? నేను ఓర్సుకోలేదా?”

“ఓర్సుకున్నవ్. ఎవ్వలన్న బహుమానం ఇచ్చిన్రా నీకు?”

తల్లికి నవ్వొచ్చింది. నర్సమ్మ నవ్వలేదు. “నెలకు మూడు దినాలు నీ బిడ్డ బడికి వస్తలేదు. వచ్చిన దినాలల్ల గీ మంచం మీద ఉంటుంది. అందరికి నొస్తది, నిజమే. అందరికి గింత నొయ్యదు. ఒక్కపారి లేడీ డాక్టరుకు సూపియ్యి, నేనొస్త తోడు.”

వెళ్ళారు. గర్భసంచి లోపలి పొర పెరగరాని చోట పెరిగే జబ్బేదో ఉందన్నారు, మందులు మొదలుపెట్టారు. పూర్తిగా పోలేదు గానీ పదో తరగతి పరీక్షలన్నీ బెంచీ మీద కూర్చుని రాసింది. నేను చేసిందల్లా ఒకటే. ప్రిన్సిపాల్‌ని ఒప్పించి, ఆటల పీరియడ్‌లో ఏ అమ్మాయి అయినా ‘నర్సమ్మ దగ్గరికి’ అంటే ఎందుకని అడక్కూడదని నియమం పెట్టించాను. ఒక్క పీరియడ్ కూడా ఖాళీ అవలేదు. నిజానికి ఆడేవాళ్ళు పెరిగారు. వేలు కథ మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

ఆరేళ్ళు అక్కడ చేసి ఉప్పల్‌లో ఇంకో బడికి మారాను. నర్సమ్మ మూడేళ్ళ కిందట పోయింది. పాత నాచారంలో వాళ్ళింటి ముందు ఆ రోజు చాలామంది కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. ఇరవై దాటినవాళ్ళు, గడ్డాలవాళ్ళు, కంపెనీ కార్డులు మెడలో వేసుకున్నవాళ్ళు. ఒక్కరి పేరూ ఆమె రిజిస్టర్‌లో ఉండదు. అందరూ నీళ్ళు తాగడానికి వెళ్ళినవాళ్ళే.

సాయికిరణ్ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఈ ఏడాది దుకాణం దూరంగా, ఊరి చివర అన్నోజిగూడకి మార్చాడు, ఇల్లు మాత్రం నాచారంలోనే. నెల కిందట ఒక ఆదివారం నా ఫోను బాగుచేసి తెచ్చి ఇవ్వడానికి ఇంటికి వచ్చాడు. టీ తాగాడు. కుంటడం మామూలుకన్నా ఎక్కువగా కనిపించింది.

“కాలు ఎలా ఉంది?” అన్నాను.

“ఏం లేదు సార్, మంచిగనే ఉంది.”

ఫోను పట్టుకుని, దాన్నే చూస్తూ అడిగాను. “అన్నోజిగూడ దాకా బండి మీదేగా? మధ్యలో ఎక్కడైనా ఆగుతున్నావా?”

టీ గ్లాసు కింద పెట్టాడు.

“రెండుసార్లు ఆగుతున్న సార్. దిగి జర నడిస్తెగాని మల్ల ఎక్కనీకి వస్తలేదు.”

“ఎప్పటినుంచి?”

“బోనాలప్పటి సంది.”

“ఇంట్లో చెప్పావా?”

“లేదు సార్.” నవ్వబోయి ఆగిపోయాడు. ముప్ఫైకి దగ్గర పడుతున్న మనిషి మొహంలో ఆ ఎనిమిదో తరగతి పిల్లాడు కనిపించాడు.

ఆదివారం కావడంతో ఆ రోజు డాక్టరు దొరకలేదు. సోమవారం నేను సెలవు పెట్టాను. వాడి బండి మా సెల్లారులోనే ఉంచి, ఇద్దరం ఆటోలో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఈ ఉదయం రెండో లేసు కట్టకుండానే మా అమ్మాయి పక్కన కూర్చుని, నిన్నటిదాకా చేసిన పని ఏది ఇవాళ చెయ్యలేకపోతోందో అడిగాను.